లింకన్ ఊళ్లకు రోడ్ ట్రిప్: అపోహలు - వాస్తవాలు

షికాగో, బ్లూమింగ్టన్, సెయింట్ లూయిస్ వైపు ఉండే తెలుగు కుటుంబాలు లాంగ్ వీకెండ్ రాగానే పిల్లలకు అబ్రహాం లింకన్ తిరిగిన ఊళ్లు చూపిద్దామని బయల్దేరుతుంటాయి. ఈ దారి మూడు రాష్ట్రాల్లో ఉంది. ఇందులో ఏది అసలుది, ఏది తర్వాత కట్టింది అన్నది ముందే తెలుసుకోవాలి. అది తెలియక చాలామంది కొత్తగా కట్టినవాటి ముందు గంటలు గడిపి, అసలైన చోటికి వచ్చేసరికి టైమ్ లేదంటారు.

అపోహ: లింకన్ ఇల్లినాయ్‌లో పుట్టాడు.

కార్ల నంబరు ప్లేట్ల మీద "ల్యాండ్ ఆఫ్ లింకన్" అని ఉండటంతో వచ్చిన చిక్కు ఇది. ఆయన పుట్టింది కెంటకీలో, హాడ్జెన్‌విల్ దగ్గరి సింకింగ్ స్ప్రింగ్ పొలంలో, 1809 ఫిబ్రవరి 12న. 1816లో కుటుంబం ఇండియానాకు తరలిపోయింది. 1830లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, ఇల్లినాయ్ చేరాడు.

అపోహ: హాడ్జెన్‌విల్‌లో రాతి భవనం లోపల ఉన్న దుంగల ఇల్లు ఆయన పుట్టిన ఇల్లే.

కాదు. దీని మీద కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నిలబడి పిల్లలకు "ఇదిగో, ఇందులోనే పుట్టాడు" అని చెప్పేవాళ్లే ఎక్కువ. ఆ దుంగలను 1890లలో ఒక వ్యాపారి సంపాదించి ఊరూరా ప్రదర్శనకు తిప్పాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్ పుట్టిన ఇల్లంటూ చూపించిన మరో ఇంటి దుంగలతో ఇవి కలిసిపోయాయి కూడా. భవనంలో జనం చుట్టూ తిరగడానికి చోటు చాలక ఇంటి కొలతలు కూడా తగ్గించారు. 2004లో దుంగల వలయాలు పరీక్షిస్తే, అవి లింకన్ పుట్టిన చాలా ఏళ్లకు, 1840ల తర్వాత నరికిన చెట్లవని తేలింది. నేషనల్ పార్క్ సర్వీస్ కూడా దాన్ని "ప్రతీక" అనే చెబుతుంది.

అక్కడ అసలుది నీటి ఊట. భవనం దగ్గరే, కొన్ని మెట్లు దిగితే రాళ్ల మధ్య నుంచి నీరు సన్నగా కారి మళ్లీ నేలలోకే ఇంకిపోతుంది. పొలానికి ఆ పేరు దీనివల్లే వచ్చింది. ఆ కుటుంబం తాగింది ఈ నీళ్లే. పిల్లల్ని ముందు ఇక్కడికి తీసుకెళ్లండి. భవనానికి 56 మెట్లున్నాయి, లింకన్ బతికిన ఏళ్లకు ఒక్కొక్కటి చొప్పున. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే మెట్లు ఎక్కనక్కర్లేని నడకదారి ఉంది, విజిటర్ సెంటర్‌లో అడగండి.

అపోహ: జీపీఎస్‌లో "లింకన్ లాగ్ క్యాబిన్" అని కొడితే చాలు.

అలా కొడితే ఇల్లినాయ్‌లోని చార్ల్‌స్టన్ దగ్గరికి తీసుకెళ్తుంది. అది ఆయన తండ్రి, సవతి తల్లి ఉన్న చోటు. లింకన్ అక్కడ కాపురం చేయలేదు. అక్కడి అసలు ఇల్లు 1893 షికాగో ప్రదర్శనకు వెళ్లి తిరిగి రాలేదు, ఇప్పుడున్నది నమూనా. ఐ-55 మీద తగిలే లింకన్ అనే ఊరూ అంతే: ఆయన పేరు పెట్టిన ఊరే గానీ ఆయన సొంతూరు కాదు. జీపీఎస్‌లో చోటు పూర్తి పేరు, ఊరు, రాష్ట్రం మూడూ కొట్టండి.

అపోహ: ఇండియానా నుంచి కెంటకీకి రెండు గంటలే, మధ్యాహ్నం బయల్దేరినా సరిపోతుంది.

డ్రైవింగ్ రెండు గంటల పైనే. దానికి తోడు ఇండియానాలో ఆయన పెరిగిన లింకన్ సిటీ సెంట్రల్ టైమ్‌లో, హాడ్జెన్‌విల్ ఈస్టర్న్ టైమ్‌లో ఉన్నాయి. అంటే అటు వెళ్లేటప్పుడు ఒక గంట పోతుంది. రెండింటికి బయల్దేరితే చేరేసరికి అక్కడ గడియారంలో ఐదు దాటుతుంది. ఇండియానా పొద్దున్నే చూసేయండి. అక్కడ తల్లి నాన్సీ సమాధి ఉంది. వైట్ స్నేక్‌రూట్ అనే విషపు మొక్క మేసిన ఆవుల పాలు తాగి 1818లో ఆమె చనిపోయింది. పక్కనున్న పొలంలో అప్పటి పద్ధతిలో పని చేసి చూపించే మనుషులు ఎండాకాలంలోనే ఉంటారు.

అపోహ: ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని లింకన్ ఇల్లు ఉచితమే కాబట్టి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఉచితమే, కానీ టికెట్ కావాలి. ముందు విజిటర్ సెంటర్‌కు వెళ్లి టైమ్ వేసిన టికెట్ తీసుకుని, ఆ టైమ్‌కు ఇంటి దగ్గరికి నడిచి వెళ్లాలి. సెలవు రోజుల్లో మధ్యాహ్నానికి రద్దీ పెరుగుతుంది, అందుకని తెరవగానే వెళ్లండి. పార్కింగ్‌కు గంటల లెక్కన డబ్బు కట్టాలి. లింకన్ జీవితంలో సొంతంగా కొనుక్కున్న ఇల్లు ఇదొక్కటే (1844). 1861 దాకా ఉన్నాడు. మొత్తం దారిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. మేడ మీదికి వెళ్లే మెట్ల చేతిపట్టీ అప్పటిదే, దాన్ని పట్టుకుని ఎక్కవచ్చు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉన్న లింకన్ ప్రెసిడెన్షియల్ మ్యూజియం వేరు. అది ఇల్లినాయ్ రాష్ట్రానిది, టికెట్ కొనాలి, నేషనల్ పార్కుల వార్షిక పాస్ చెల్లదు. అక్కడికి ఇరవై మైళ్ల దూరంలో, లింకన్ యువకుడిగా ఉన్న న్యూ సేలం గ్రామం ఎక్కువగా 1930లలో మళ్లీ కట్టింది. పీపాలు చేసే ఆన్‌స్టాట్ దుకాణం ఒక్కటే పాతది.

అపోహ: స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని లింకన్ సమాధిలో కనిపించే ఎర్రరాయి కిందే శవపేటిక ఉంది.

రాయి గుర్తు మాత్రమే. 1876లో దొంగలు శవాన్ని ఎత్తుకుపోబోయారు. అందుకే 1901లో కొడుకు రాబర్ట్ ఆ పేటికను రాయికి కాస్త అవతల, 10 అడుగుల లోతున కాంక్రీటులో పెట్టించాడు. భార్య మేరీ, మరో ముగ్గురు కొడుకులు ఎదుటి గోడలో ఉన్నారు. రాబర్ట్ సమాధి ఆర్లింగ్టన్‌లో ఉంది.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఇల్లు థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, జనవరి 1 రోజుల్లో మూసి ఉంటుంది. ఆ వారాల్లో వెళ్తే ఈ మూడు తేదీలూ ప్రయాణానికి కేటాయించి, ఇంటిని మరో రోజు పెట్టుకోండి. సమాధి, న్యూ సేలం తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారతాయి. హోటల్ బుక్ చేసే ముందే వాటిని చూసుకోండి.