రెండు తరాల గండం దాటిన ఇంటిపేర్లు

ఘనా ఫుట్‌బాల్ జట్టు ఆటలు వదలకుండా చూసే ఒక పాఠకుడు చక్కటి ప్రశ్న పంపారు. “మెన్సా, ఒవుసు, బోటెంగ్ లాంటి పేర్లు ఘనాలో ఎక్కడ చూసినా ఉంటాయి. మరి వుల్ఫ్, క్విస్ట్, వాండర్‌పూయె కూడా అక్కడి ఇంటిపేర్లేనట. యూరప్ పేర్లు అక్కడ ఎలా నాటుకున్నాయి? నాటుకున్నాక ఇంత అరుదుగా ఎందుకు మిగిలాయి?” మొదటి ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది, రెండోదానికి గణితంలో ఉంది. నాకు ఆ రెండోదంటే ప్రాణం. కాబట్టి చరిత్రను కాస్త తొందరగా దాటిస్తాను.

ఘనా రాజధాని అక్రాలో సముద్రపు ఒడ్డున ఓసు అనే పేట ఉంది. అక్కడి క్రిస్టియాన్స్‌బోర్గ్ కోట 1660ల నుంచి 1850 దాకా, మధ్యలో కొన్నేళ్ళు మినహా, డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది. వేలమందిని బానిసలుగా ఓడలెక్కించిన కోట అది. డెన్మార్క్ 1792లో చేసిన నిషేధం 1803లో అమల్లోకి వచ్చేదాకా ఆ వ్యాపారం చట్టబద్ధంగానే సాగింది. 1850లో తన కోటలన్నిటినీ పదివేల పౌండ్లకు బ్రిటన్‌కు అమ్మేసి డెన్మార్క్ వెళ్ళిపోయింది. ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. ఆ తర్వాత ఆ తీరానికి డేనిష్ ఉద్యోగులు రావడం ఆగిపోయింది, అంటే కొత్త డేనిష్ పేర్లు రావడమూ దాదాపు ఆగిపోయింది.

వచ్చినవాళ్ళు ఎంతకాలం బతికేవారు? 1828 డిసెంబరులో స్విట్జర్లాండ్‌కు చెందిన క్రైస్తవ ప్రచార సంస్థ బాసెల్ మిషన్ నలుగురు యువకులను అక్కడికి పంపింది. ఏడాది తిరక్కుండానే ముగ్గురు పోయారు. నాలుగోవాడు 1831 దాకా ఉన్నాడు. మలేరియా, పచ్చజ్వరం ముందు యూరప్ వైద్యం చేతులెత్తేసిన కాలం అది. బతికి బట్టకట్టిన వ్యాపారులు, సైనికులు స్థానిక పద్ధతిలో, అక్రా ప్రాంతపు ‘గా’ అనే జాతి స్త్రీలను పెళ్ళాడేవారు. వాళ్ళ పిల్లల పోషణ కోసం డేనిష్ కంపెనీ మగవాళ్ళ జీతాల్లోంచి కొంత కోసి ఒక నిధిలో వేసేది. కోటలో ఆ పిల్లలకు బడి కూడా ఉండేది. ఆ బడి పట్టీలోనూ చర్చి బాప్తిస్మ పుస్తకంలోనూ తండ్రి ఇంటిపేరు సిరాతో ఎక్కింది. పేరు నాటుకున్న చోటు అదే.

ఒక్క మనిషిని దగ్గరగా చూద్దాం. వుల్ఫ్ జోసెఫ్ వుల్ఫ్ 1809లో డెన్మార్క్‌లోని రాండర్స్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1836లో ఉద్యోగం మీద క్రిస్టియాన్స్‌బోర్గ్ చేరాడు. ఓసులోనే, అప్పటికే డేనిష్, ఆఫ్రికన్ రక్తాలు కలిసిన కుటుంబానికి చెందిన సారా మాల్మ్‌ను పెళ్ళాడాడు. ముగ్గురు పిల్లలు. ఫ్రెడరిక్స్‌మిండె అని పేరు పెట్టి ఇల్లు కట్టుకున్నాడు. 1842లో, 33 ఏళ్ళకే చనిపోయాడు. చనిపోయినవారిని ఇంటి నేల కిందే పూడ్చడం గా ప్రజల పాత ఆచారం. ఆయన సమాధి కూడా ఆ ఇంటిలోనే ఉంది. ఇల్లు నిలిచింది, పేరూ నిలిచింది. ఓసు వుల్ఫ్‌లకు మూలపురుషుడు ఒక్కడే, ఆయన ఆ తీరంలో గడిపింది ఆరేడేళ్ళు మాత్రమే.

ఇక మెన్సా సంగతి. ఘనాలో అందరికంటే ఎక్కువమంది ఉన్న అకాన్ జాతుల్లో మనిషి వంశం తల్లివైపు నుంచి వస్తుంది. పేరు పెట్టే హక్కు మాత్రం తండ్రిది. ఆయన తనకు గౌరవమున్న పెద్దల పేరు ఏదో ఒకటి ఎంచుకుని బిడ్డకు పెడతాడు, అందుకే ఒకే తండ్రి పిల్లలకు వేరువేరు పేర్లు ఉండవచ్చు. దానికి తోడు పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు వస్తుంది: శుక్రవారం పుట్టిన మగబిడ్డ కోఫీ, శనివారం పుడితే క్వామే. పుట్టిన వరస కూడా పేరవుతుంది. మెన్సా అంటే మూడో కొడుకు, అన్నన్ నాలుగోవాడు, ఎన్‌క్రుమా తొమ్మిదో బిడ్డ. వలస పాలనలో బడులు, ఉద్యోగాల పట్టీలు వచ్చి ‘మీ ఇంటిపేరేమిటి’ అని అడిగినప్పుడు, ఆ క్షణంలో తండ్రికో తనకో ఉన్న పేరు గడ్డకట్టి ఇంటిపేరైపోయింది. మెన్సా అనే ఇంటిపేరు ఎక్కువగా ఉండడానికి కారణం ఒక మెన్సాకు లెక్కలేనంత సంతానం కలగడం కాదు. వేల ఊళ్ళలో వేలమంది మూడో కొడుకులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఆ పేరుకు మూలపురుషులయ్యారు.

జన్యుశాస్త్రపు భాషలో ఇంటిపేరును ఒక జన్యురూపంగా ఊహించుకోవచ్చు. అప్పుడు పాత అకాన్ పద్ధతిలో ఉత్పరివర్తన రేటు దాదాపు ఒకటి, అంటే తరతరానికీ పేరు మారిపోతుంది. వుల్ఫ్ లాంటి పేరుకు ఆ రేటు సున్నాకు దగ్గర. ఒకటి క్షణంక్షణం మారే వ్యవస్థ, మరొకటి స్థిరంగా ఒక గొట్టంలో ప్రవహించే వ్యవస్థ. రెండూ ఒకే ఊరి పట్టీలో పక్కపక్కన ఉండడం వల్ల ఘనా ఈ శాస్త్రానికి బంగారు గని.

ఇప్పుడు అసలు విషయం. 1873లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక లెక్క అడిగాడు: ప్రతి మగవాడికీ 0, 1, 2, 3... కొడుకులు పుట్టే సంభావ్యతలు తెలిస్తే, ఒక ఇంటిపేరు అంతరించే సంభావ్యత ఎంత? హెన్రీ వాట్సన్ అనే మతబోధకుడు సమాధానం పంపాడు, మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి వ్యాసం వెలువరించారు. పద్ధతి అద్భుతంగా ఉంది. ముగింపు మాత్రం తప్పు. జనాభా పెరుగుతున్నా సరే, ప్రతి ఇంటిపేరూ ఏదో ఒకనాటికి అంతరిస్తుందని వాట్సన్ తేల్చాడు. ఫ్రాన్స్‌లో బియెనెమే 1845లోనే సరైన సమాధానం చెప్పి ఉన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు.

సరైన సమాధానం ఇలా వస్తుంది. నా పేరు అంతరించే సంభావ్యత q అనుకోండి. నా పేరు పోవాలంటే నా కొడుకులందరి శాఖలూ పోవాలి. ఒక్కో శాఖ పోయే సంభావ్యత కూడా qయే, ఎందుకంటే ప్రతి కొడుకూ నాలాగే కొత్తగా మొదలుపెడుతున్నాడు. కొడుకుల్లేకపోతే పేరు పోవడం ఖాయం, అంటే 1. ఒక్కడుంటే q, ఇద్దరుంటే q వర్గం, ముగ్గురుంటే q ఘనం. వీటన్నిటినీ ఆయా సంభావ్యతలతో గుణించి కలిపితే మళ్ళీ q రావాలి. ఈ ఒక్క సమీకరణంలో మొత్తం కథ ఉంది. తన తోక తానే పట్టుకున్నట్టుండే ఈ వాదం మొదటిసారి అర్థమైననాడు నాకు నిద్ర పట్టలేదు. ఇంటర్ పిల్లలకు సంభావ్యతను ఎర్రబంతులు, నల్లబంతులతోనే చెబుతూ ఉంటాం. ఒక్కసారి సొంత వంశవృక్షం గీయించి ఈ సమీకరణం రాయిస్తే వాళ్ళు జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఆల్ఫ్రెడ్ లోట్కా 1920 నాటి అమెరికా శ్వేతజాతి మగవాళ్ళ లెక్కలు తీసుకున్నాడు. కొడుకుల్లేనివాళ్ళు 48 శాతం పైన. సగటున మగవాడికి 1.26 కొడుకులు. అంటే జనాభా పెరుగుతోంది. అయినా ఒక్క మనిషితో మొదలైన పేరు అంతరించే సంభావ్యత 82 శాతం! తరాల వారీగా చూడండి: మొదటి తరం ముగిసేసరికి 48 శాతం పేర్లు పోతాయి, రెండో తరానికి 63, మూడో తరానికి 69, నాలుగుకి 73, అయిదుకి 76. నష్టమంతా ముందే జరిగిపోతోంది. పేరుకు అసలు గండం మొదటి రెండు తరాలే.

ఇంకో మలుపు ఉంది. ఆరో తరంలో ఒక్కో మూలపురుషుడికి సగటున 1.26ను ఆరుసార్లు గుణిస్తే వచ్చేంత, అంటే నలుగురు మగ వారసులుంటారు. కానీ నూటికి 77 మందికి అప్పటికి ఎవరూ మిగలరు. కాబట్టి మిగిలిన 23 మంది వాటాలోకి ఆ మొత్తమంతా వస్తుంది, సగటు 17 దాటుతుంది. నేడు మనకు కనిపించే ప్రతి పేరూ ఆ 23లోదే. అందుకే మిగిలిన పేర్లను చూసి ‘ఈ మూలపురుషుడు ఎంత బలవంతుడో, ఎంత సంతానవంతుడో’ అనుకోవడం పొరపాటు. ఆయన్ను మనం చూస్తున్నదే ఆయన పేరు మిగిలింది కాబట్టి.

అమెరికా అంకెలు ఘనాకు పనికిరావని మీరు అనవచ్చు. నిజమే. ఘనా జనాభా 1960 లెక్కల్లో 67 లక్షలు, 2021లో 3 కోట్ల 8 లక్షలు. 61 ఏళ్ళలో నాలుగున్నర రెట్లు. తరానికి ముప్ఫై ఏళ్ళ చొప్పున రెండు తరాలనుకుంటే, వలసలను పక్కనబెట్టి, తరానికి రెండు రెట్లకు పైచిలుకు. కాబట్టి మగవాడికి సగటున ఇద్దరు కొడుకులు, ఎవరికి ఎందరన్నది పాయిజాన్ విభాజనం (యాదృచ్ఛికంగా జరిగేవాటి సంఖ్య సగటు చుట్టూ ఎలా పరుచుకుంటుందో చెప్పే సూత్రం) ప్రకారం అని తీసుకుని మళ్ళీ సమీకరణం సాధిద్దాం. మొదటి తరంలో 13.5 శాతం, రెండో తరానికి 17.7, మూడో తరానికి 19.3, చివరికి ఎన్ని తరాలైనా 20.3 శాతం. మూడో తరం దాటిన పేరుకు ఇక దాదాపు చావులేదు. ఇద్దరు కొడుకులతో మొదలైన పేరు అంతరించే సంభావ్యత 20.3 శాతానికి వర్గం, అంటే 4 శాతం. ఒక్క కొడుకు తేడా ఎంత మార్పు తెచ్చిందో చూశారా!

ఈ రెండు లెక్కలనూ కలిపితే పాఠకుడి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కోట కాలంలో జ్వరాలకు పోయినవాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు, ఉన్నా పట్టీలోకి పేరు ఎక్కనివాళ్ళు, వీళ్ళందరి పేర్లూ మొదటి గండంలోనే పోయాయి. ఆ జల్లెడలోంచి బయటపడ్డ కొద్ది పేర్లు జనాభా ఉప్పెనలా పెరిగే శతాబ్దంలోకి అడుగుపెట్టాయి. కాబట్టి అవి అరుదే, కానీ అంతరించే అరుదు కాదు.

మంచి రుజువు క్లర్క్ కుటుంబం. 1843లో జమైకా, ఆంటిగ్వాల నుంచి మొరేవియన్ క్రైస్తవుల బృందం ఒకటి మిషన్ పనికి ఆ తీరానికి వచ్చింది. అందులో జమైకా యువకుడు అలెగ్జాండర్ వర్తీ క్లర్క్ ఒకడు. ఓసుకు చెందిన పౌలీన్ హెస్సెను పెళ్ళాడాడు. కొడుకు నికొలస్ టిమొతీ క్లర్క్ 1862 నుంచి 1961 దాకా జీవించాడు, తొమ్మిదిమంది పిల్లలు. ఆ తొమ్మిదిమందిలో కార్ల్ హెన్రీ ప్రెస్బిటేరియన్ చర్చిలో ఉన్నత పాలనాధికారి అయ్యాడు, థియోడర్ టేమా నగరాన్ని రూపుదిద్దిన వాస్తుశిల్పి, మటిల్డా ఆ దేశపు రెండో మహిళా డాక్టర్. గాల్టన్ లెక్కలో మాత్రం మటిల్డా శాఖ విలువ సున్నా, ఎందుకంటే ఇంటిపేరు కూతురి ద్వారా నడవదు. పౌలీన్ హెస్సె రక్తం ఆమె సంతానంగా పుట్టిన ప్రతి క్లర్క్‌లోనూ ఉంది, ఆమె పుట్టింటి పేరు వాళ్ళలో ఎవరికీ లేదు. ఇంటిపేరు మనకు చూపించేది వంశవృక్షంలో ఒకే ఒక్క సన్నటి కొమ్మను.

మన దగ్గరా ఇంటిపేరు తండ్రి నుంచే వస్తుంది, కాబట్టి ఈ సమీకరణం మన ఇళ్ళకూ వర్తిస్తుంది. మగపిల్లలు పుట్టలేదని, వంశం నిలవలేదని నాగదోషమో శాపమో అంటగట్టి కోడళ్ళను ఏడిపించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. జనాభా పెరుగుతున్న దేశంలోనే, ఏ శాపమూ లేకుండా, సగం మంది మగవాళ్ళకు కొడుకుల్లేరని లోట్కా పట్టిక చెబుతోంది. దోషం ఎక్కడా లేదు, ఉన్నది యాదృచ్ఛికత. ఈ మాట నాకు గణితం కంటే ముఖ్యం.

మళ్ళీ శాస్త్రానికి వద్దాం. 1875లో జార్జ్ డార్విన్ ఒక ఉపాయం కనిపెట్టాడు: పెళ్ళికి ముందే ఒకే ఇంటిపేరున్న దంపతులు ఎందరో లెక్కిస్తే, దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళు ఎన్నో అంచనా వేయవచ్చని. 1965లో క్రో, మాంజ్ దాన్ని సూత్రంగా మలిచారు: అంతఃప్రజనన గుణకం (దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళు ఎంతగా జరిగాయో చెప్పే సంఖ్య), సమాననామ వివాహాల, అంటే ఒకే ఇంటిపేరున్నవాళ్ళ పెళ్ళిళ్ళ, నిష్పత్తిలో నాలుగో వంతు. ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. ఒక్కో పేరుకు ఒక్కడే మూలపురుషుడు ఉండాలి. అక్రాలో మెన్సా మెన్సాను పెళ్ళాడితే ఆ సూత్రానికి చెప్పడానికేమీ ఉండదు. ఇద్దరు వుల్ఫ్‌లు పెళ్ళాడితే మాత్రం అది నిక్కచ్చిగా పనిచేస్తుంది. ఒకే ఊరిలో ఒక పేరుకు చెల్లి ఇంకో పేరుకు చెల్లని సూత్రం ఇది.

ఒకే పేరుకు ఒకే మూలమా అన్నది ఇప్పుడు వై క్రోమోజోమ్‌తో పరీక్షించవచ్చు. అది కూడా తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. ఇంగ్లండ్‌లో లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో 40 ఇంటిపేర్లున్న 1,678 మంది మగవాళ్ళను పరీక్షించారు. స్మిత్ లాంటి పేర్లలో పొంతన లేదు. అరుదైన అటెన్‌బరో పేరు గలవాళ్ళలో దాదాపు 87 శాతానిది ఒకే రకం. అంతకు రెండేళ్ళ ముందు అదే బృందానికి ఇంకా విచిత్రమైనది దొరికింది. యార్క్‌షైర్‌కు చెందిన ఒక అరుదైన ఇంటిపేరు గల 18 మందిలో ఏడుగురికి పశ్చిమ ఆఫ్రికాలో తప్ప కనిపించని వై క్రోమోజోమ్ ఉంది. వాళ్ళ వంశవృక్షాలు 18వ శతాబ్దపు చివరిదాకా వెళ్ళాయి, అందరూ అక్కడివారే. ఓసులో యూరప్ పేరు ఆఫ్రికా ఇంట్లో వెలసినట్టే, యార్క్‌షైర్‌లో ఆఫ్రికా క్రోమోజోమ్ ఇంగ్లిష్ పేరు కింద వెలసింది. దీన్ని బట్టి ఒక జాగ్రత్త కూడా తెలుస్తుంది. దత్తత వల్లో, యజమాని పేరు అతని ఇంటి బానిసలకు అంటుకోవడం వల్లో, మతబోధకుడు ఇచ్చిన పేరు వల్లో పేరూ క్రోమోజోమూ విడిపోవచ్చు. 1727లో ఎలియాస్ స్వానె అనే పాద్రి తనవెంట కోపెన్‌హాగెన్ తీసుకెళ్ళిన గా బాలుడు ఫ్రెడరిక్‌కు ఆ పాద్రి పేరే ఇంటిపేరైంది. రక్తసంబంధం ఏమీ లేదు.

మరి ఈ పేర్లు ఇప్పుడెక్కడున్నాయి? మొదట ఓసు, అక్రా. తర్వాత 1970లు, 80లలో ఆర్థిక కష్టాలు ఘనా వాళ్ళను నైజీరియాకు, లండన్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు, హాంబర్గ్‌కు, టొరంటోకు, న్యూయార్క్‌కు చెదరగొట్టాయి. 1983లో నైజీరియా పదిలక్షల మందిని వెళ్ళగొట్టింది. అలాంటప్పుడు పేర్ల పటాలు గీసేవాళ్ళకు గట్టి చిక్కు వస్తుంది. లండన్‌లో మెన్సా కనిపిస్తే ఘనా అని ఠక్కున చెప్పవచ్చు. జర్మనీలో ఘనా వాళ్ళు అందరికంటే ఎక్కువగా ఉండే ఊరు హాంబర్గ్. ఉత్తర జర్మనీలో వుల్ఫ్ అనేది మామూలు పేరు, 2010లో ఆ పేరుగలాయన జర్మనీ అధ్యక్షుడయ్యాడు కూడా. ఓసు వుల్ఫ్ ఒకరు అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంటే, ఇంటిపేరుతో గీసిన పటంలో ఆ మనిషి కనిపించరు. అక్షరక్రమం ఇంకో తంటా. డచ్చివాళ్ళ పేరు వాండర్‌పూయె చివర రెండు రకాల వర్ణక్రమాలున్నాయి. యంత్రం ఒకే కుటుంబాన్ని రెండు పేర్లుగా లెక్కిస్తుంది.

దీనికి ఇటీవలి పరిశోధకులు పట్టుకున్న మార్గం నాకు నచ్చింది. ఇంటిపేరును ఒంటరిగా చూడకుండా, పెట్టిన పేరుతో జంటగా చూస్తారు. ఇంటిపేరు వుల్ఫ్ అయ్యి ముందు పేరు హాన్స్ అయితే ఒక గుంపు. ముందు పేరు కోఫీ అయినా, గా జాతి పెద్దకొడుక్కి పెట్టే తెత్తే అయినా వేరే గుంపు. అకాన్ తండ్రి వారం చూసి పెట్టే పేరు, స్థిరంగా ఉండదని మనం పక్కన పెట్టిన పేరు, ఇక్కడ ఆనవాలు పట్టిస్తుంది.