పచ్చ లైటా, తెల్ల లైటా?

ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలే. మా బావకు అక్కడ రెండు గుంటలున్నాయి. మొన్న కార్తీకంలో ఒక రాత్రి ఆయనతోపాటు కాపలా గుడిసెలో పడుకున్నాను. పది గంటలకు మేత వేశారు. పన్నెండుకు చెక్ ట్రే, అంటే మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం, చూడాలి. బావ కట్ట మీద నిలబడి తాడు లాగి ట్రే పైకెత్తాడు. కొత్తగా కొన్న ఎల్‌ఈడీ బ్యాటరీ లైటు వేశాడు. పాలపొంగు లాంటి తెల్లటి వెలుగు. ట్రేలో పదిహేను ఇరవై రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుగులో తిప్పి చూసేసరికి ఆయన ముఖం మారిపోయింది.

“అబ్బయ్యా, పేగు పాలిపోయినట్టుందే. వైట్ గట్ జబ్బు తగిలిందేమో.”

గుంటల్లో పెంచే వనామీ రకం రొయ్య ఒళ్లు గాజులా ఉంటుంది. కడుపునిండా మేత తిన్న రొయ్యకు తల దగ్గర నుంచి తోక దాకా వీపు వెంట ముదురు గోధుమరంగు దారంలా పేగు కనపడుతుంది. ఆ దారం తెగి కనిపించినా, తెల్లబడినా రైతుకు నిద్ర పట్టదు. ఆ రాత్రి అది బూడిదరంగులో కనిపించింది. గుడిసెలో దూలానికి వేలాడుతున్న పాత బల్బు లైటు గుర్తొచ్చి తెచ్చాను. సెల్లులు సగం దిగిపోయి ఉన్నాయి, వెలుగు పసుపునీళ్లలా ఉంది. (మా నెల్లూరు వైపు పసుపును పచ్చ అంటాం. ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే.) అదే రొయ్య మీద వేస్తే పేగు చక్కగా గోధుమరంగులో నిండుగా కనిపించింది. ఒకే రొయ్య, రెండు లైట్లు, రెండు రోగనిర్ణయాలు. తెల్లారి ఎండలో మరో నాలుగు రొయ్యలు పట్టి చూశాం. పేగులన్నీ నిండుగానే ఉన్నాయి.

నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. దీన్ని అక్కడితో వదిలేయలేకపోయాను.

దుకాణంలో అట్టపెట్టె మీద ‘వార్మ్ వైట్ 3000 కె’ అనో ‘కూల్ వైట్ 6500 కె’ అనో ఉంటుంది. ఈ ‘కె’ అంటే కెల్విన్, వేడిని కొలిచే లెక్క. కమ్మరి కొలిమిలో ఇనుము కాలడం చూసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. మొదట ముదురు ఎరుపు, తర్వాత నారింజ, ఆపైన పసుపు, ఇంకా కాలిస్తే తెలుపు. కొవ్వొత్తి మంట వెలుగు సుమారు 1900 కెల్విన్లు. మామూలు బల్బులో తీగ 2700 దగ్గర వెలుగుతుంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5800. అంటే వేడి పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు జరుగుతుంది. మనం మాత్రం నిప్పును తలచుకుని ఎరుపు కలిసిన వెలుగును ‘వెచ్చన’ అనీ, నీలం కలిసినదాన్ని ‘చల్లన’ అనీ పిలుస్తున్నాం. అంకె పెద్దదైతే వెలుగు చల్లన. ఈ తిరకాసు ఒక్కటి గుర్తుంటే పెట్టె మీది రాత అర్థమైపోతుంది.

బల్బు తీగ నిజంగా కాలుతుంది కాబట్టి దాని వెలుగులో ఇంద్రధనుస్సు మొత్తం ఉంటుంది. నీలం తక్కువ, ఎరుపు ఎక్కువ, కానీ మధ్యలో గండి ఉండదు. ఎల్‌ఈడీ దారి వేరు. మీ లైటు ఆర్పి, అద్దంలోంచి లోపలికి చూడండి. నడిమధ్య పసుపుపచ్చని చుక్క ఒకటి కనపడుతుంది. దాని అడుగున ఉన్న చిప్పు నుంచి వచ్చేది సుమారు 450 నానోమీటర్ల నీలి వెలుగు మాత్రమే. (నానోమీటర్లు వెలుగు తరంగం పొడవుకు కొలత, రంగును బట్టి ఆ అంకె మారుతుంది.) అందులో కొంత పై పసుపు పూతను దాటుకుని వస్తుంది, మిగిలింది పూతలో ఇంకి పసుపుగా తిరిగి వెలువడుతుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపనిపిస్తాయి. ఆ నీలి చిప్పును సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. పూతను మందంగా వేసి, ఎరుపునిచ్చే పదార్థం కూడా కలిపితే వెచ్చని ఎల్‌ఈడీ అవుతుంది.

ఇంట్లో పాత సీడీ ఉంటే ఇదంతా కళ్లారా చూడొచ్చు. చీకటి గదిలో లైటు వెలుగును సీడీ మెరిసే వైపు పడనిచ్చి, ఏటవాలుగా పట్టుకుని చూడాలి. బల్బు లైటుకు రంగుల పట్టీ ఊదా నుంచి ఎరుపు దాకా తెగకుండా సాగుతుంది. చౌక తెల్ల ఎల్‌ఈడీకి మొదట నీలం భగ్గుమంటుంది, వెంటనే నీలానికీ ఆకుపచ్చకూ మధ్య ఒక మసక గుంత, ఆ తర్వాత ఆకుపచ్చ, పసుపు. ఎరుపు కొసకు వచ్చేసరికి వెలుగు సన్నగిల్లిపోతుంది. మా బావ రొయ్య పేగు ఆ సన్నగిల్లిన చోటే పోయింది. గోధుమరంగు అంటే మసకబారిన నారింజ ఎరుపే కదా. లైటులో లేని ఎరుపును పేగు ఎక్కడినుంచి తెచ్చి మన కంటికి పంపుతుంది?

ఇక్కడ చాలామంది ఒక మాటంటారు, కంటికి అలవాటైపోతుందని. సగం నిజమే. వెచ్చని లైటు కింద అయిదు నిమిషాలు కూర్చుంటే తెల్లగోడ తెల్లగోడలాగే అనిపిస్తుంది. మొత్తం వెలుగు ఒక పక్కకు వాలితే మెదడు ఆ వాలును సరిచేసుకోగలదు. మధ్యలో కొన్ని రంగులే లోపిస్తే దాని దగ్గర మందు లేదు. అందుకే కెల్విన్ల కంటే సీఆర్‌ఐ అనే అంకెను నేను ఎక్కువగా పట్టించుకుంటాను. వస్తువుల రంగులను ఒక లైటు ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పే కొలత అది. పూర్తి మార్కులు 100, బల్బుకు దాదాపు అన్నీ వస్తాయి. చౌక ఎల్‌ఈడీలు 70 దగ్గర ఆగుతాయి. దీనిలోనూ ఒక లొసుగుంది. ఎనిమిది లేత రంగుల మీద పరీక్ష పెట్టి సగటు తీస్తారు, చిక్కటి ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దానికి ‘ఆర్ 9’ అని వేరే అంకె ఉంది. సీఆర్‌ఐ 80 ఉన్న లైటుకు కూడా ఆర్ 9 సున్నా దగ్గర ఉండొచ్చు. రొయ్య పేగుకూ, రక్తపింజరి వీపు మీది గోధుమ మచ్చలకూ కావలసింది ఆ అంకే. రాత్రిపూట మోటారు వేయడానికి చేనికి పోయేవాళ్లకు ఎండుటాకుల్లో పడుకున్న రక్తపింజరి ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. గోధుమరంగులో ఉన్న తేడాలన్నీ ఒకే బూడిదగా కలిసిపోతే, ఆ పాము ఆకుల్లో ఆకైపోతుంది. కట్లపాముతో ఈ చిక్కు తక్కువ. నల్ల ఒంటి మీద తెల్ల కట్లను ఏ లైటయినా చూపిస్తుంది.

మరి దుకాణాల నిండా చల్లని తెల్ల లైట్లే ఎందుకున్నాయి? ల్యూమెన్ల లెక్క వల్ల. ల్యూమెన్ అంటే లైటు మొత్తంగా ఇచ్చే వెలుగుకు కొలత. 450 నానోమీటర్ల నీలాన్ని 560 దగ్గరి పసుపుగా మార్చడానికే నూటికి 20 పాళ్ల శక్తి వేడిగా పోతుంది. 630 దగ్గరి ఎరుపుగా మార్చాలంటే 28 పాళ్ల పైనే పోతుంది. పైగా కంటికి 555 నానోమీటర్ల వెలుగు అన్నిటికన్నా బాగా ఆనుతుంది, 650 దగ్గరి ఎరుపు అందులో పదో వంతే ఆనుతుంది. ల్యూమెన్లను కంటికి ఆనేదాన్ని బట్టే లెక్కిస్తారు. కాబట్టి ఎరుపు కలిపితే కంపెనీకి శక్తీ పోతుంది, పెట్టె మీద అంకే తగ్గుతుంది.

అలా తగ్గేది నిజంగా ఎంత? ఒకే లైటులో చల్లనిది తీసి, అయిదో వంతు ల్యూమెన్లు తక్కువిచ్చే వెచ్చనిది పెట్టారనుకోండి. దూరం రెట్టింపు కావాలంటే వెలుగు నాలుగు రెట్లు కావాలి, ఆ వర్గ నియమం ఇక్కడ మనకు మేలే చేస్తుంది. 100 మీటర్ల దూరాన కనిపించేది 89 మీటర్ల దాకా వస్తేగానీ కనపడదు. నష్టం ఆ పదకొండు మీటర్లే. చెక్ ట్రే అడుగు దూరంలో ఉంటుంది.

అలాగని పచ్చ లైటుకే ఓటు వేయమనను. బావ పాత లైటు ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది, నిజమే. కానీ సెల్లులు దిగి తీగ వేడి తగ్గడం వల్ల అది గోధుమరంగును ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చేసే చూపించింది. అందుకే ఎండలో మళ్లీ చూడాల్సి వచ్చింది. నీలం తక్కువైన వెలుగులో నేవీ బ్లూ, నలుపు ఒకటైపోతాయి. కామెర్ల పసుపు కంట్లో ఉన్నా తెలియదు. పచ్చకామెర్ల అనుమానమున్న బిడ్డను పగటి వెలుగులో చూడాలనేది ఇందుకే.

ప్రకాశం జిల్లాలో పొగాకు క్యూరింగ్ చూసినవాళ్లకు ఇంకో ఉదాహరణ చెప్పాలి. కొండపి వైపు బ్యారన్లలో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదుల్లో, పచ్చి ఆకును ముందు తక్కువ వేడిలో మగ్గబెట్టి ఆకుపచ్చ పూర్తిగా పోయి పసుపు తిరిగేదాకా ఆగుతారు. ఆ తర్వాతే వేడి పెంచుతారు. తొందరపడి పెంచితే మిగిలిన ఆకుపచ్చ అలాగే ఆకులో బిగుసుకుపోతుంది, వేలంలో ధర పడిపోతుంది. అర్ధరాత్రి బ్యారన్‌లోకి బాగా వెచ్చని లైటు వేసి చూస్తే ఆకుకు అది తన పసుపునే అరువిస్తుంది. ఇంకా పచ్చిగా ఉన్న ఆకు కూడా పండినట్టుంటుంది. అక్కడ కావలసింది 4000 నుంచి 5000 కెల్విన్ల మధ్య, సీఆర్‌ఐ 90 దాటిన లైటు.

చలికాలం రాత్రుల గురించి ఒక అపోహ ఉంది, పచ్చ లైటు మంచును చీల్చుకు పోతుందని. పొగమంచు బొట్టు వెలుగు తరంగం కంటే ఇరవై రెట్లకు పైగా పెద్దది. అంత బొట్టు నీలాన్నీ పసుపునూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. తేడా తెచ్చేది లైటు పట్టుకునే తీరు. కళ్ల పక్కన పెట్టుకుంటే చెదిరిన వెలుగంతా తిరిగి కళ్లలోకే వస్తుంది. నడుము దగ్గర పట్టుకుంటే దారి కనిపిస్తుంది. పురుగుల విషయంలో మాత్రం వెచ్చనిదే మేలు. చాలా పురుగులకు నీలం బాగా కనపడుతుంది, ఎరుపు సరిగా కనపడదు. కాబట్టి పచ్చ లైటు చుట్టూ తక్కువ మూగుతాయి.

మైపాడు, రామాయపట్నం వైపు తీరంలో రాత్రిళ్లు నడిచేవాళ్లకు ఇంకొక్క మాట. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రాగానే ఎటు వెలుగుంటే అటే సముద్రమనుకుని పాకుతాయి. వార్మ్ వైట్‌లోనూ నీలం ఉంటుంది కాబట్టి అదీ పనికిరాదు. లైటు ఆర్పేయండి, తప్పదనుకుంటే ఎర్ర వెలుగు వాడండి. చీకటికి మీ కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది. వెన్నెల్లో ఆ తర్వాత లైటు అవసరమే అనిపించదు.

లైటు కొనేటప్పుడు దుకాణంలో నేను చేసే పరీక్ష చాలా చిన్నది. జేబులో ఒక ఎండుమిరపకాయ తీసుకుపోతాను. లైటు దాని మీద వేసి, తర్వాత నా అరచేతి మీద వేసి చూస్తాను. మిరపకాయ ఇటుకముక్కలా, చెయ్యి రక్తం లేనట్టూ కనిపిస్తే ఆ లైటు వెనక్కిచ్చేస్తాను. తెల్లకాగితం మీద వేసినప్పుడు ఆకుపచ్చ ఛాయ తొంగిచూస్తే అదీ వద్దంటాను. కెల్విన్ల అంకె సరిగానే ఉన్నా కొన్ని ఎల్‌ఈడీలు అలా ఆకుపచ్చకు వాలతాయి, వాటి కింద చర్మమూ అన్నమూ రోగపు రంగులో కనిపిస్తాయి.

ఇప్పుడు గుడిసెలో ఒకే మేకుకు రెండు లైట్లు వేలాడుతున్నాయి. పెద్దది చల్లనిది. గుంట అవతలి గట్టున నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్ తిరుగుతోందో ఆగిందో చూడటానికీ, కట్ట మీద అడుగుల చప్పుడైతే వేయడానికీ. నీళ్ల మీద వాలుగా వేస్తే రొయ్యల కళ్లు నిప్పురవ్వల్లా వందలుగా మెరుస్తాయి, దానికీ అదే బాగుంటుంది. చిన్నది 4000 కెల్విన్లది, సీఆర్‌ఐ 90. మొన్న ఆదివారం పన్నెండింటికి బావ ఫోన్ చేశాడు. “ట్రే ఎత్తినానబ్బయ్యా. చిన్న లైటేసి చూస్తుండా. దారం తెగకుండా ఉంది, తోక దాకా గోధుమరంగే.” వెనకాల ఏరియేటర్ చప్పుడు వినిపిస్తోంది.