వెనకాల పన్ను లేనప్పుడు సెట్ దేని మీద ఆనుతుంది?

సిద్దిపేట నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు అరవై దాటింది. కింది దవడలో రెండు పక్కలా చివరి పళ్ళు పోయాయి. చిన్న దవడ పళ్ళ (కోరపళ్ళ వెనక పక్కకు రెండేసి ఉండేవి) దాకానే మిగిలాయి. పై వరుస అంతా ఉంది. ఒక డాక్టరు తీసి పెట్టుకునే పళ్ళ సెట్ చేయించుకోమన్నారట. ఇంకొకరు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే లోహపు వేర్లు, తప్ప దారి లేదన్నారట. ఇంట్లో వాళ్ళేమో "సెట్ పెట్టుకుంటే ఉన్న పళ్ళు కూడా వదులైపోతాయి, ఊరుకో" అంటున్నారట. ఎవరి మాట వినమంటారు అని ఆవిడ ప్రశ్న.

ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. అందుకే ఈ ఉత్తరం నాకు బాగా నచ్చింది. ఎన్ని పళ్ళు పోయాయన్న లెక్క కంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది: ఖాళీకి వెనకాల ఇంకో పన్ను మిగిలిందా, లేదా? 1925లో ఎడ్వర్డ్ కెన్నెడీ అనే అమెరికన్ దంతవైద్యుడు పళ్ళు పోయిన నోళ్ళను నాలుగు తరగతులు చేశాడు. డెంటల్ కాలేజీల్లో ఇప్పటికీ ఆ వర్గీకరణే చెబుతారు. రెండు పక్కలా చివరి పళ్ళు లేకపోతే మొదటి తరగతి. ఒక పక్కే లేకపోతే రెండోది. ఖాళీకి అటూ ఇటూ పళ్ళుంటే మూడోది. నాలుగోది ముందు పళ్ళ సంగతి, దాన్ని వదిలేద్దాం. మూడో తరగతి వాళ్ళకు పెద్ద చిక్కులేదు. బ్రిడ్జి (పక్క పళ్ళకు అతికించే కట్టుడు పన్ను) కట్టించుకున్నా, సెట్ పెట్టుకున్నా రెండు కొసలూ పళ్ళ మీదే ఆనుతాయి. మన పాఠకురాలిది మొదటి తరగతి. ఆవిడ సెట్‌కు ముందు కొస పన్ను మీద, వెనక కొస చిగురు మీద ఆనాలి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

పన్ను ఎముకలో నేరుగా పాతుకుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన సన్నని నారపోగుల పొర ఉంటుంది. పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. ఏదైనా కొరికినప్పుడు పన్ను మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే లోపలికి దిగి, మళ్ళీ పైకి వచ్చేస్తుంది. పళ్ళు పోయిన చోట ఎముకను కప్పిన చిగురు అలా కాదు. దాని మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. బరువు పడితే వందో వంతుల్లో కాదు, పదో వంతుల్లో అణుగుతుంది. అంటే పన్ను దిగిన దానికి పది రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వయసు మళ్ళినవాళ్ళలో అణిగిన చిగురు పూర్తిగా తేరుకోవడానికి గంటలు పడుతుంది. ఒకే సెట్ కింద ఇలాంటి రెండు పునాదులున్నాయి.

ఇప్పుడు ఏతాన్ని గుర్తు చేసుకోండి. నూతి పక్కన నిలువు స్తంభం, దాని మీద అడ్డంగా పొడవాటి దూలం. మనిషి దూలం మీద నూతి వైపు నడిస్తే ఆ కొస దిగి బొక్కెన మునుగుతుంది. వెనక్కి నడిస్తే ఆ కొస లేచి నీళ్ళు పైకొస్తాయి. స్తంభానికి ఒక పక్క దిగితే రెండో పక్క లేచి తీరాలి. వెనకాల పన్ను లేని సెట్ అచ్చం ఏతమే. దూలం అంటే సెట్. స్తంభం అంటే చివరి పన్ను మీద ఆనే చిన్న లోహపు మెట్టు. దాన్ని రెస్ట్ అంటారు. ఆ పన్ను పైభాగాన్ని ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు లోతున అరగదీసి, అందులో రెస్ట్ కూర్చునేలా చేస్తారు. దూలం మీద నడిచే మనిషి అంటే మనం నమిలే ముద్ద.

రెస్ట్‌ను చివరి పన్నుకు వెనక అంచున పెట్టారనుకుందాం. చాలాకాలం అలాగే పెట్టేవాళ్ళు. సెట్ ఊడిపోకుండా అదే పన్నును ఒక లోహపు కొక్కెం చుట్టి పట్టుకుంటుంది. కొక్కెం కొస పన్నుకు ముందు వైపున, పంటి ఉబ్బుకు దిగువన ఉన్న పల్లంలో దూరి ఉంటుంది. కోబాల్ట్-క్రోమియం లోహంతో పోత పోసిన కొక్కేనికి ఆ పల్లం లోతు 0.25 మిల్లీమీటర్లు చాలు. ఆ కాస్త పట్టుతోనే సెట్ నిలుస్తుంది. ఇప్పుడు ముద్ద వెనక కొస మీద పడింది. చిగురు అణిగింది, సెట్ వెనక భాగం దిగింది. స్తంభానికి అవతలి పక్కనున్న కొక్కెం కొస లేచింది. పైన పంటి ఉబ్బు అడ్డుంది కాబట్టి లేవబోయిన కొక్కెం దానికి తగులుకుని పన్నును వెనక్కి గుంజుతుంది. ముద్ద ముద్దకూ ఇదే వరస, పూటపూటా ఇదే. 0.2 మిల్లీమీటర్ల పొర ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? నిలువుగా పడే బరువును మోయడానికి ఏర్పడ్డ పొర అది. పక్కకు గుంజే బలానికి అంతగా తట్టుకోలేదు. చిగుళ్ళ జబ్బు కూడా తోడైతే పన్ను కదలడం మొదలవుతుంది.

"సెట్ పెట్టుకుంటే ఉన్నవి కూడా పోతాయి" అనే మాట మన ఇళ్ళలో ఎందుకు పుట్టిందో చూశారా? అది ఒట్టి భయం కాదు, ఎవరో కళ్ళారా చూసి చెప్పిన మాటే. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న నమ్మకాన్ని దీని సరసన కూర్చోబెట్టకండి, దానికి ఏ ఆధారమూ లేదు. చూపును మోసే నాడి రెండో కపాల నాడి. పై పళ్ళకు వెళ్ళేవి ఐదో కపాల నాడి కొమ్మలు. పన్ను తీసినంత మాత్రాన చూపుకు ఏమీ కాదు. ఈ భయంతో పుచ్చిన పన్నును ఏళ్ళ తరబడి నోట్లోనే ఉంచుకుని, చీము పట్టాక ఆసుపత్రికి పరుగెత్తేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బాధగా ఉంటుంది.

ఏతం దగ్గరికే మళ్ళీ వద్దాం. 1963లో క్రాటోచ్‌విల్ అనే అమెరికన్ దంతవైద్యుడు స్తంభాన్ని ముందుకు జరపమన్నాడు. రెస్ట్‌ను చివరి పన్ను వెనక అంచు నుంచి తీసి ముందు అంచున పెట్టడమే ఆ మార్పు. కొక్కెం బదులు చిగురు వైపు నుంచి పైకి లేచి పన్నును ఒక్క చోట తాకే ఐ ఆకారపు సన్నని కడ్డీ పెట్టాడు. 1973లో క్రోల్ అనే ఇంకో దంతవైద్యుడు దీన్ని ఇంకొంచెం సవరించాక, ఆర్‌పీఐ (రెస్ట్, పన్ను వెనక ఆనే ప్లేట్, ఐ కడ్డీ) అనే పేరు స్థిరపడింది. ఇందులో అందం ఏమిటంటే, స్తంభం ముందుకు జరిగేసరికి ముద్ద, కడ్డీ రెండూ దానికి ఒకే పక్కకు వచ్చేశాయి. ముద్ద బరువుకు సెట్ దిగితే కడ్డీ కొస కూడా దాంతోపాటే దిగుతుంది. ఉబ్బు నుంచి దూరంగా జారుతుంది, పన్నును వదిలేస్తుంది. నమలడం ఆగగానే మళ్ళీ తన చోటికి వస్తుంది. మిల్లీమీటర్ల తేడాతో, అదే లోహంతో, పన్నును గుంజే యంత్రం పన్నును వదిలే యంత్రమైంది. నాకు తెలిసిన లేవర్ సూత్రాల్లో ఇంత చక్కనిది ఇంకోటి లేదు.

మన బడుల్లో లేవర్ల పాఠానికి కత్తెర, అడకత్తెర, పట్టకారు చూపించి సరిపెడతారు. పిల్లల్ని చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయమంటే చాలు. వేలి కింద కదిలే కీలే ఆనిక. దవడ కండరం దానికి దగ్గరలో లాగుతుంది, పళ్ళు దూరాన పనిచేస్తాయి. కీలుకు దగ్గరగా ఉన్న దవడ పళ్ళ దగ్గర బలం ఎక్కువ, ముందు పళ్ళ దగ్గర తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు మొదటి పెద్ద దవడ పన్ను దగ్గర 500 న్యూటన్ల బలంతో కొరకగలరు, అంటే 50 కిలోల బరువు పెట్టినంత. కట్టుడు పళ్ళతో అందులో కొంతే సాధ్యం.

ఏతంతో ఇంకా పనుంది. మనిషి దూలం చిట్టచివరకు నడిచినకొద్దీ ఊపు పెరుగుతుంది. అందుకే మంచి డాక్టర్లు చిట్టచివరి పన్ను పెట్టకుండా వదిలేస్తారు, మిగతా కృత్రిమ పళ్ళను సన్నగా పెడతారు. సెట్ అడుగుభాగాన్ని మాత్రం వీలైనంత వెడల్పుగా పరుస్తారు, బరువు ఎక్కువ చోట పంచుకుంటుందని. జిగురుగా ఉండే పాకం ఉండ తిన్నామనుకోండి, అప్పుడు వ్యవహారం తిరగబడుతుంది, వెనక కొస పైకి లేస్తుంది. దాన్ని ఆపడానికి ముందు వరుసలో ఇంకో పన్ను మీద ఇంకో రెస్ట్ ఆనిస్తారు. అచ్చు తీసేటప్పుడు కూడా చిగురు బరువు కింద ఎంత అణుగుతుందో అంత అణచి, వెనక భాగానికి విడిగా అచ్చు తీసే పద్ధతి ఒకటుంది. కొద్దిమందే ఆ శ్రమ పడతారు. ఇంకా మంచి ఉపాయం, వెనక కొస కింద పక్కకొక ఇంప్లాంట్ పెట్టడం. అప్పుడిక ఏతం లేదు, రెండు స్తంభాల మీద కదలకుండా కూర్చున్న దూలం ఉంది. కెన్నెడీ లెక్కలో మొదటి తరగతి నోరు దాదాపు మూడో తరగతిలా పనిచేస్తుంది. నాలుగు ఇంప్లాంట్ల ఖర్చు భరించలేని వాళ్ళు దీని గురించి తప్పకుండా అడగాలి.

మరి బజారులో ఎక్కువగా అమ్ముడుపోయే సెట్లకు అసలు స్తంభమే ఉండదు. మామూలు అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) సెట్, వంగే నైలాన్‌తో చేసిన ఫ్లెక్సిబుల్ సెట్, రెండింటిలోనూ సాధారణంగా రెస్టులు ఉండవు. బరువంతా చిగురు మీదే. ఎముక అరిగినకొద్దీ సెట్ కిందకు దిగి, పంటి మొదట్లో చిగురును ఒరుసుకుంటూ పోతుంది. ఫ్లెక్సిబుల్ సెట్‌లో లోహం కనబడదు, నోట్లో మెత్తగా ఉంటుంది, అందుకే అందరూ ఇష్టపడతారు. కానీ రెండు పక్కలా వెనక పళ్ళు లేనివాళ్ళకు అది శాశ్వత ఏర్పాటు అంటే నేను ఒప్పుకోను. పన్ను పీకించిన పుండు మానే దాకా తాత్కాలికంగా అయితే సరే.

ఒక పక్క ఒకటి రెండు పళ్ళకే చేసే చిన్న సెట్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, వద్దు. అది జారితే మింగేస్తాం, లేదా ఊపిరితిత్తుల దారిలో పడుతుంది. మామూలు అక్రిలిక్ ఎక్స్‌రేలో కనబడదు కూడా, ఎక్కడ ఇరుక్కుందో వెతకడమే కష్టం. తీసి పెట్టుకునే సెట్ ఏదైనా దవడ అవతలి పక్క పళ్ళ సాయం తీసుకునేలా ఉండాలి.

ఇక అసలు సెట్ కావాలా అన్న ప్రశ్న. నెదర్లాండ్స్‌లోని నైమేగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన దంతవైద్యుడు కైజర్ 1981లో ఒక వింత లెక్క ముందుకు తెచ్చాడు. పైనా కిందా ఎదురెదురుగా తగిలే చిన్న దవడ పళ్ళ జత ఒకటికి ఒక మార్కు, పెద్ద దవడ పళ్ళ జతకు రెండు మార్కులు. రెండు పక్కలా సమంగా కలిపి నాలుగు మార్కులుంటే చాలామందికి నమలడం సరిపోతుందని ఆయన తేల్చాడు. లెక్కేసి చూడండి: ముందు పళ్ళు పైన ఆరు, కింద ఆరు. చిన్న దవడ పళ్ళు పైన నాలుగు, కింద నాలుగు. మొత్తం 20. పెద్ద దవడ పన్ను ఒక్కటి కూడా లేకుండానే నాలుగు మార్కులు వచ్చేశాయి. నమలడాన్ని కొలవడానికి మాన్లీ, బ్రేలీ అనే పరిశోధకులు 1950లోనే ఒక పద్ధతి పెట్టారు. మనుషులకు పల్లీలిచ్చి, కొంతసేపు నమిలించి, ఉమ్మించి, జల్లెడ పట్టి ఎంత మెత్తగా అయ్యాయో చూశారు. దవడ పళ్ళు తగ్గినకొద్దీ జల్లెడ మీద పెద్ద పలుకులు ఎక్కువ మిగులుతాయి. నిజమే, కానీ మనిషి ఇంకొన్నిసార్లు నమిలి ఆ లోటు భర్తీ చేసుకుంటాడు. నైమేగన్ బృందం తర్వాత ఏళ్ళ తరబడి చూసినా, ఇలాంటి నోళ్ళకు వెనకాల పన్ను లేని సెట్ పెట్టినందువల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

కాబట్టి మన పాఠకురాలి చిన్న దవడ పళ్ళు నాలుగూ గట్టిగా ఉండి, పై వాటికి సరిగ్గా తగులుతుంటే, సకినాలు కాస్త నెమ్మదిగా నమిలినా తిండికి ఇబ్బంది లేకపోతే, ఏమీ పెట్టుకోకుండా ఉండడం కూడా ఒక వైద్య నిర్ణయమే. నిర్లక్ష్యం కాదు. కింద ఎదురులేని పై దవడ పళ్ళు కొద్దిగా కిందకి దిగవచ్చు, కొందరిలో 2 మిల్లీమీటర్లు దాటి దిగుతాయి. అందుకని డాక్టరు ఏటా ఒకసారి చూడాలి. చిగుళ్ళ జబ్బుతో ఎముక తగ్గినవాళ్ళకు, పళ్ళు బాగా అరిగిపోయినవాళ్ళకు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్ళకు, చిన్న వయసు వాళ్ళకు కైజర్ లెక్క అలాగే వర్తించదు.

పైన ఒక్క పన్ను కూడా లేక పూర్తి సెట్ ఉండి, కింద ముందు పళ్ళు మాత్రమే మిగిలినవాళ్ళ సంగతి మరీ వేరు. కింది ముందు పళ్ళు పై సెట్ ముందు భాగాన్నే పొడుస్తూ ఉంటే అక్కడి ఎముక కరిగిపోతుందని కెల్లీ అనే దంతవైద్యుడు 1972లో రాశాడు. వాళ్ళకు కింద వెనకాల ఆసరా కావాల్సిందే. షుగర్ అదుపులో లేనివాళ్ళు, పొగ తాగేవాళ్ళు ఇంప్లాంట్‌కు తొందరపడకూడదు. కింది దవడలో నాడి వెళ్ళే గొట్టానికి పైన ఎముక ఎంత ఎత్తు మిగిలిందో స్కాన్‌లో చూడందే ఏ డాక్టరూ మాట ఇవ్వలేరు.

సెట్ చేయించుకునేవాళ్ళు డాక్టరును రెండు అడగండి: రెస్ట్ ఏ పంటి మీద, ఏ అంచున పెడుతున్నారు? వెనక భాగానికి అచ్చు ఎలా తీస్తారు? విసుక్కోకుండా బొమ్మ గీసి చూపించే డాక్టరును వదులుకోవద్దు. ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ప్రోస్థోడాంటిక్స్ (కట్టుడు పళ్ళ) విభాగం వాళ్ళు ఇదంతా రోజూ చేసే పనే, ఖర్చూ తక్కువ. రాత్రి సెట్ తీసి నీళ్ళలో వేయాలి. కొక్కెం పట్టిన పళ్ళ మొదళ్ళను విడిగా తోమాలి, పుచ్చు మొదట అక్కడే వస్తుంది. ఆరు నెలలకోసారి అద్దం ముందు నిలబడి, సెట్ వెనక కొసను వేలితో కిందకి నొక్కి చూడండి. ముందు పన్ను మీద ఆనే రెస్ట్ పైకి లేస్తుంటే, అడుగున ఎముక అరిగిందని అర్థం. కొత్త సెట్ అక్కర్లేదు, అడుగుభాగానికి మళ్ళీ అచ్చు తీయించి రీలైన్ చేయిస్తే, అంటే అడుగున కొత్త పొర వేయిస్తే చాలు.