బుర్రకేమీ కాదా? మోటార్ న్యూరాన్ వ్యాధి: అపోహలు - వాస్తవాలు

నేను స్పీచ్ థెరపిస్టుని. మోటార్ న్యూరాన్ వ్యాధి అంటే కండరాలను ఆడించే నరాల కణాలు క్రమంగా దెబ్బతినే జబ్బు. అది ఉన్నవాళ్లు మాట కోసం, మింగడం కోసం నా దగ్గరికి వస్తారు. వెళ్లేముందు ఇంట్లోవాళ్లు ఒక్క నిమిషం వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు "మేడమ్, ఈయన మునుపటి మనిషి కాదండీ" అంటారు. ఆ మాట గట్టిగా చెప్పుకోవాల్సిందే. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఈ జబ్బు కండరాలకే, బుర్రకేమీ కాదు.

చాలాకాలం డాక్టర్లూ ఇలాగే చెప్పారు. అందరూ ఈ జబ్బుతోనే బతికిన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌నే చూపిస్తారు. 1963లో, 21 ఏళ్లకే జబ్బు బయటపడినా 2018 వరకు బతికి అంత పని చేశారు, నిజమే. కానీ అందరికీ అలా జరగదు. దాదాపు సగం మందిలో ఆలోచనలోనో ప్రవర్తనలోనో ఎంతో కొంత తేడా వస్తుంది, చాలామందిలో అది స్వల్పమే. 10 నుంచి 15 శాతం మందిలో మాత్రం ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా దాకా, అంటే మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతిని ప్రవర్తన, ఆలోచన, మాట బాగా మారిపోయే జబ్బు దాకా వెళ్తుంది. ఈ వ్యాధిలో కణాల్లో పేరుకునే టీడీపీ-43 అనే ప్రోటీనే ఆ డిమెన్షియా ఉన్న చాలామంది మెదడులోనూ ఉందని 2006లో తేలింది. మిగతా సగం మందికి పరీక్షల్లో ఏ తేడా కనబడదు, కాబట్టి మాట ముద్దగా వస్తోందని వాళ్ల ముందే వాళ్లు లేనట్టు మాట్లాడుకోకండి.

అపోహ: అన్నీ గుర్తున్నాయిగా, ఇదంతా మొండితనమే.

నేను ఎక్కువగా వినేది ఇదే. ఒక పెద్దాయన పెళ్లి తేదీ నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ పలక మీద తప్పులేకుండా రాసి చూపించారు. మింగడం ఎలా ఉందో చూద్దామని ఇడ్లీ పెట్టిస్తే, మొదటి ముక్క బుగ్గలో ఉండగానే రెండోది, మూడోది కుక్కుకుంటున్నారు, దగ్గొచ్చినా చెయ్యి ఆగలేదు. "ఎన్నిసార్లు చెప్పినా వినరండీ, మొన్న నాకు జ్వరమొచ్చి పడుకుంటే ఎలా ఉందని కూడా అడగలేదు" అని ఆయన భార్య కళ్లొత్తుకున్నారు.

అది మొండితనం కాదు, ప్రేమ తగ్గడమూ కాదు. ఈ వ్యాధిలో ముందుగా దెబ్బతినేది సాధారణంగా జ్ఞాపకం కాదు. తనను తాను ఆపుకోవడం, ఒక పనిలోంచి ఇంకో పనికి మారడం, ఎదుటివాళ్ల బాధ పసిగట్టడం, తనంతట తాను ఏదైనా మొదలుపెట్టడం, ఇవి తగ్గుతాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఉదాసీనత. కొందరికి తీపి మీద ఎక్కడలేని యావ పుడుతుంది. ఇలాంటప్పుడు "నిదానంగా తినండి" అని వందసార్లు అనడం కన్నా పళ్లెంలో ఒక్క ముక్కే పెట్టి, అది మింగాకే రెండోది పెట్టడం, చిన్న చెంచా ఇవ్వడం, టీవీ కట్టేయడం మేలు.

అపోహ: మాట, చెయ్యి రెండూ సరిగ్గా ఆడనివాళ్లకు ఈ పరీక్షలు చేయలేం.

చేయొచ్చు. ఎడిన్‌బరో యూనివర్సిటీవాళ్లు ఈ వ్యాధి కోసమే ఈకాస్ అనే పరీక్ష తయారుచేశారు, 15 నుంచి 20 నిమిషాల్లో అయిపోతుంది. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు లేదా రాయమంటారు, తర్వాత అవే మాటలు చదివించి లేదా మళ్లీ రాయించి, దానికి పట్టిన టైమ్ తీసేస్తారు. మిగిలేది ఆలోచించడానికి పట్టిన టైమ్. నాలుక, చెయ్యి నెమ్మదిగా ఆడుతున్నందుకు మార్కులు పోవు.

అపోహ: ఊరికే ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు అంటే మతి పోయినట్టే.

కాదు. ఏడుపును, నవ్వును అదుపు చేసే నరాల దారి దెబ్బతింటే లోపల బాధ లేకపోయినా ఏడుపు వస్తుంది. దీనికి మందులున్నాయి.

అపోహ: తికమక పడుతున్నారంటే డిమెన్షియా వచ్చేసింది.

ముందు ఊపిరి సంగతి చూడండి. ఊపిరి కండరాలు బలహీనపడితే రాత్రిళ్లు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత, తికమక వస్తాయి. బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మిషన్) పెడితే తేరుకునేవాళ్లున్నారు.

అపోహ: ఇవన్నీ చెబితే ఇంట్లోవాళ్లకు టెన్షన్, దాచడమే మంచిది.

నేనిది అస్సలు ఒప్పుకోను. కడుపులోకి ట్యూబు పెట్టించుకోవాలా, వెంటిలేటర్ కావాలా, ఆస్తి కాగితాల మీద సంతకాలు ఎప్పుడు, ఇవన్నీ జబ్బు ఉన్న మనిషి తూకం వేసి చెప్పగలిగినప్పుడే ఆ మనిషినే అడగాలి. కూర్చున్న ప్రతిసారీ ఒక్కటే ప్రశ్న అడగండి, చెప్పింది అక్కడే రాసిపెట్టండి. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు కాళ్లూ చేతుల సంగతితో పాటు ప్రవర్తన సంగతి కూడా మీరే ఎత్తండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.