అపోహలు – వాస్తవాలు: నూరేళ్ల నాటి అమెరికా వ్యవసాయ సలహాలు

సస్యరక్షణ రంగంలో పనిచేసేవారికి పాత బులెటిన్లతో పని పడుతూనే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ 1889 నుంచి రైతుల కోసం వెలువరించిన చిన్న పుస్తకాలు, అక్కడి రాష్ట్రాల ప్రయోగ కేంద్రాలు ముద్రించిన నివేదికలు ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగానే దొరుకుతున్నాయి. వాటిలోంచి ఒక బొమ్మనో ఒక వాక్యాన్నో తీసుకుని, ఆ కాలంలో విషాలే లేవని కొందరు, ఆ కాలపు శాస్త్రవేత్తలకు ఏమీ తెలియదని మరికొందరు ప్రచారం చేస్తున్నారు. ఆ సలహాలలో చాలా భాగం ఏ నేలకు, ఏ పురుగుకు, ఏ దశలో అన్న షరతులతోనే వెలువడ్డాయి. షరతు జారిపోయి, చేయడానికి సులువైన భాగం మాత్రమే మిగిలిన చోట్ల నష్టం జరిగింది. శిక్షణ తరగతులలో ఎక్కువగా వినిపించే కొన్ని అపోహలను ఈ దృష్టితో పరిశీలిస్తున్నాను.

అపోహ: నూరేళ్ల కిందట పండ్ల తోటలు రసాయనాలు లేకుండానే పండేవి.

వాస్తవం: ఆనాటి యాపిల్ తోటలలో వాడిన విషాలు ఈనాటి చాలా మందులకంటే మొండివి. మసాచుసెట్స్ రాష్ట్రంలో జిప్సీ మాత్ అనే ఆకుతినే పురుగును అదుపు చేయడానికి 1892లో తయారుచేసిన లెడ్ ఆర్సెనేట్, అంటే సీసం, పాషాణం కలిసిన మందు, కొద్ది సంవత్సరాలలోనే యాపిల్ కాయను తొలిచే కాడ్లింగ్ మాత్‌కు ప్రధాన ఔషధమైంది. అంతకుముందు వాడిన పారిస్ గ్రీన్ అనే పాషాణపు మందు ఆకును మాడ్చేది. లెడ్ ఆర్సెనేట్ ఆకును అంతగా మాడ్చకపోగా, వానకు త్వరగా కొట్టుకుపోకుండా అంటుకుని ఉండేది. రైతు మెచ్చుకున్న ఆ అంటుకునే గుణమే తరువాత తినేవారికి ముప్పయింది.

మొదట వచ్చిన సలహా నిజానికి చాలా జాగ్రత్తగా రాసినది. పూరేకులు రాలిన వెంటనే, పిందె కొనన ఉండే రక్షకపత్రాల గిన్నె ఇంకా మూసుకోకముందే, మందు ఆ గిన్నెలోకి చేరేలా పిచికారీ చేయాలని, చెట్టు నిండు పూత మీద ఉన్నప్పుడు చేస్తే తేనెటీగలు చనిపోతాయని బులెటిన్లు స్పష్టంగా చెప్పాయి. పిల్ల పురుగులలో చాలా భాగం ఆ గిన్నె గుండానే కాయలోకి ప్రవేశిస్తాయి కనుక సరైన సమయంలో చేసిన ఒక్క పిచికారీకి అంత విలువ ఇచ్చారు. కాలక్రమంలో, ముఖ్యంగా వాషింగ్టన్ రాష్ట్రంలోని పొడి లోయలలో, పిచికారీల సంఖ్య పెరుగుతూ పోయి కోత దాకా సాగింది. బ్రిటన్‌లో 1900లో పాషాణం కలిసిన బీరు తాగి అనేకమంది జబ్బుపడిన దరిమిలా నియమించిన రాయల్ కమిషన్ ఆహారంలో పౌనుకు 0.01 గ్రెయిన్ (ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు) పాషాణాన్ని పరిమితిగా సూచించింది. 1925–26లో లండన్‌లో అమెరికా యాపిల్ పండ్ల మీద అంతకు మించి అవశేషం ఉన్నట్లు తేలి దిగుమతికే ముప్పు వచ్చినప్పుడు, పశ్చిమ తీరపు ప్యాకింగ్ కేంద్రాలలో పండ్లను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగడం మొదలుపెట్టారు. పండును కడిగారు గాని నేలను కడిగే మార్గం లేదు. సీసం, పాషాణం విచ్ఛిన్నమయ్యేవి కావు కనుక ఆ పాత తోటల స్థలాలలో ఇళ్లు కట్టుకున్నవారి పెరటి మట్టిలో అవి నేటికీ పరీక్షలలో బయటపడుతున్నాయి.

అపోహ: పురుగులు మందును తట్టుకోవడం డి.డి.టి. వచ్చాక మొదలైంది.

వాస్తవం: ఎ.ఎల్. మెలాండర్ అనే కీటక శాస్త్రవేత్త 1914లోనే, పురుగులు మందులను తట్టుకునే శక్తిని పొందగలవా అన్న ప్రశ్నను శీర్షికగా పెట్టి వ్యాసం ప్రచురించాడు. వాషింగ్టన్ రాష్ట్రంలోని క్లార్క్‌స్టన్ ప్రాంతపు తోటలలో శాన్‌హోసే పొలుసు పురుగు, ఇతర చోట్ల దానిని చక్కగా చంపుతున్న గంధకం–సున్నం ద్రావణాన్ని తట్టుకుని బతకడం ఆయన గమనించాడు. హెచ్.జె. క్వేల్ 1916లో కాలిఫోర్నియా నిమ్మజాతి తోటలలో ఎర్ర పొలుసు పురుగు సైనైడ్ పొగను తట్టుకుంటున్న సంగతి తెలిపాడు. డి.డి.టి.ని పురుగు మందుగా గుర్తించడానికి అప్పటికి ఇంకా రెండు దశాబ్దాలకు పైగా ఉంది.

అపోహ: డేగలు, గుడ్లగూబలు రైతుకు శత్రువులని పాత శాస్త్రవేత్తలే చెప్పారు.

వాస్తవం: అలా చెప్పింది శాసనసభలు, వేట సంఘాలు. శాస్త్రవేత్తలు దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పారు. పెన్సిల్వేనియా రాష్ట్రం 1885లో ఒక చట్టం చేసి డేగను, గుడ్లగూబను, వీసెల్, మింక్ అనే చిన్న మాంసాహార జంతువులను చంపి తెచ్చినవారికి తలకు 50 సెంట్ల బహుమానం ప్రకటించింది. వ్యవసాయ శాఖలో పక్షుల, జంతువుల అధ్యయన విభాగానికి అధిపతి అయిన సి. హార్ట్ మెరియమ్ ఏడాదిన్నర తరువాత లెక్క వేసి చూపాడు. అప్పటికి సుమారు 90,000 డాలర్లు ఖర్చయ్యాయి. ఆయన అంచనా ప్రకారం డేగలూ గుడ్లగూబలూ అంత కాలంలో ఎత్తుకుపోయే కోళ్ల విలువ 1,875 డాలర్లకు మించదు. అవి తినవలసిన ఎలుకలు మిగిలిపోయి పంటకు చేసే నష్టం దీనికి అదనం. ఆ చట్టం 1887లో రద్దయింది.

వాదన అంతటితో ఆగకుండా ఎ.కె. ఫిషర్ 1893లో పూర్తి ఆధారాన్ని గ్రంథరూపంలో ఇచ్చాడు. ఆయన పద్ధతి మా రంగంలో నేటికీ గౌరవించదగినది. పక్షి ఏమి తింటుందని ఎవరినీ అడగకుండా, పొట్ట కోసి చూడటమే ఆ పద్ధతి. ఎర్రతోక డేగ విషయంలో పరిశీలించిన 562 పొట్టలలో 54 పొట్టలలో మాత్రమే కోడి గాని వేటపక్షి గాని కనిపించింది. 278 పొట్టలలో చిట్టెలుకలు, 131 పొట్టలలో ఇతర క్షీరదాలు ఉన్నాయి. 89 ఖాళీగా ఉన్నాయి. అమెరికాలోని 73 రకాల డేగలు, గుడ్లగూబలలో ఆరింటినే ఆయన హానికరమైనవిగా లెక్కించాడు. కోళ్లకు నిజంగా హాని చేసే కూపర్ డేగ చెట్ల చాటు నుంచి దూసుకువచ్చి క్షణంలో మాయమవుతుంది. ఎర్రతోక డేగ పొలం మీద నింపాదిగా చక్కర్లు కొడుతూ అందరికీ కనబడుతుంది. ఒకటి చేసిన దొంగతనానికి మరొకటి తుపాకీ గుండుకు బలయ్యేది.

మన దేశంలోనూ ఈ పద్ధతి ఆలస్యంగా రాలేదు. బీహారులోని పూసా పరిశోధన సంస్థలో సి.డబ్ల్యు. మేసన్ పక్షుల పొట్టలను పరిశీలించగా, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ కీటకాల భాగాన్ని చూసి, ఆ ఫలితాలను 1912లో ప్రచురించారు. మనం నేడు శనగ, వేరుశనగ చేలలో పక్షి స్థావరాలు, అంటే పక్షులు వాలేందుకు కర్రలు, పాతమని చెప్పడానికి వెనుక ఉన్నది ఈ రకమైన ఆధారమే. ఇక్కడా షరతు ఉంది: జొన్న, వరి వంటి పంటలలో గింజ పాలు పోసుకునే సమయానికి ఆ స్థావరాలను తీసివేయాలి, లేకుంటే పురుగును తినడానికి వచ్చిన పక్షి గింజకు మరుగుతుంది. మన ఊళ్లలో చావుపిట్ట అని తరిమే తెల్ల గుడ్లగూబ గురించి ఇంతకంటే వేరే చెప్పనవసరం లేదు. దాని ఆహారంలో అత్యధిక భాగం ఎలుకలే.

అపోహ: గుడ్లగూబను కాపాడమన్న శాఖ వన్యప్రాణులన్నిటి విషయంలో అంతే వివేకంతో వ్యవహరించింది.

వాస్తవం: ఇది పై అపోహకు తలకిందులుగా ఉండే భ్రమ, మెచ్చుకునేవారిలో కనిపిస్తుంది. పెన్సిల్వేనియా లెక్క వేసిన ఆ మెరియమే 1901 నాటి వార్షిక గ్రంథంలో ప్రెయిరీ డాగ్ అనే నేల ఉడుత జాతి ప్రాణి మీద మరో లెక్క వేశాడు. 256 ప్రెయిరీ డాగ్‌లు ఒక ఆవు తినేంత గడ్డిని తింటాయని, టెక్సాస్‌లోని ఒకే ఒక విస్తారమైన స్థావరంలో 40 కోట్లు ఉంటాయని ఆయన అంచనా. మొదటి లెక్కలో బహుమానాలకు నిజంగా అయిన ఖర్చు ఉంది, ఆ వాదనను తరువాత పొట్టలు కోసి చూసిన ఆధారం నిలబెట్టింది. రెండవది ఊహ మీద ఊహ పేర్చినది. అయినా స్ట్రిక్నిన్ అనే విషం పట్టించిన ధాన్యాన్ని లక్షల ఎకరాలలో చల్లడానికి ఈ రెండవ లెక్కే ఊతమిచ్చింది. తరువాతి పరిశోధనలో వానను బట్టి, మేత ఒత్తిడిని బట్టి ఈ పోటీ మారుతుందని, అవి కొరికిన చోట కొత్తగా లేచే లేత గడ్డిని అడవి దున్నలు ఇష్టపడి మేస్తాయని తెలిసింది. ప్రెయిరీ డాగ్‌ల మీదే బతికే నల్లకాళ్ల ఫెరెట్ అనే చిన్న మాంసాహార జంతువు అంతరించిందనుకున్న దశలో 1981లో వయోమింగ్‌లో మళ్లీ కనిపించింది. 1987 నాటికి బంధించి కాపాడగలిగినవి 18 మాత్రమే. తోడేళ్లను, వాటి జాతికే చెందిన కొయోట్‌లను చంపడానికి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ 1915లో 1,25,000 డాలర్లు కేటాయించిన తరువాత ఈ శాఖలో పొట్టలు కోసి చూసే పని వెనుకబడి, విషం పంచే పని ముందుకు వచ్చింది. నా దృష్టిలో ఆ కాలపు అతి పెద్ద తప్పటడుగు ఇదే.

అయితే అన్నింటినీ దీనికే ముడిపెట్టడం కూడా సరికాదు. 1926–27 శీతాకాలంలో కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో, టాఫ్ట్ పట్టణం సమీపంలో, ఎలుకలు రోడ్లను కప్పేసేంతగా వచ్చిపడ్డాయి. కొయోట్‌లను, డేగలను చంపినందువల్లే అలా జరిగిందని నేటికీ రాస్తుంటారు. అది కొంత తోడ్పడి ఉండవచ్చు గాని, అసలు కారణం ఎండిపోయిన బ్యూనా విస్టా సరస్సు అడుగున విస్తారంగా ధాన్యం పండించడం. వాటికి తిండి, దాగుచోటు, నెర్రెలిచ్చిన మెత్తని నేల ఒకేచోట అమరాయి. అంతటి తిండి దొరికినప్పుడు ఎలుకలు పిల్లలు పెట్టే వేగాన్ని ఏ డేగా అందుకోలేదు. గుడ్లగూబ గూళ్లు పెట్టాము కనుక గట్లు శుభ్రం చేయనక్కరలేదని అనుకునే వరి రైతులు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

అపోహ: చెట్టు మొదట్లో దట్టంగా గడ్డి కప్పడం ఎప్పుడూ మేలే.

వాస్తవం: తేమకు మేలే. కాని చలి ప్రాంతాల యాపిల్ తోటలలో ఆ గడ్డి చాటున ఎలుకలు చేరి చెట్టు చుట్టూ బెరడు కొరికివేసేవి. మొదలు చుట్టూ కొంత మేర నేలను ఖాళీగా ఉంచాలని, సన్నకన్ను ఇనుప జాలిని మట్టిలోకి దిగేలా చుట్టాలని బులెటిన్లు చెప్పాయి. బెరడు పూర్తిగా పోయిన చెట్టుకు గాయం కింది నుంచి పైకి పుల్లలను అంటుగట్టి బతికించే పద్ధతిని బొమ్మలతో సహా నేర్పాయి.

అపోహ: పైమట్టిని దుమ్ముగా గుల్ల చేస్తూ ఉంటే నేలలోని తేమ ఆరిపోదు.

వాస్తవం: మెట్ట సేద్యానికి ప్రచారకుడైన హార్డీ వెబ్‌స్టర్ కాంబెల్ 1900 ప్రాంతంలో దీనిని గొప్పగా చాటాడు. పైపొర గుల్లగా ఉంటే కింది నీరు సన్నని నాళాల గుండా పైకి ఎక్కలేదన్నది ఆయన వాదం. కాల్, స్యూయెల్ అనే శాస్త్రవేత్తలు కాన్సాస్‌లో ప్రయోగాలు చేసి, కలుపు లేకుండా ఉంచితే చాలని, కదపని నేలకూ కదిపిన నేలకూ తేమలో చెప్పుకోదగిన తేడా లేదని 1917లో వెల్లడించారు. అంతరకృషి వల్ల కలిగే మేలులో ఎక్కువ భాగం కలుపు పోవడం వల్ల కలిగేదే. దుమ్ముగా మారిన పైపొర గాలికి లేచిపోతుందన్నది 1930లలో ఆ మైదానాలలో అందరికీ తెలిసివచ్చింది. మన నల్లరేగడి సంగతి కొంత వేరు. బెట్టకు నెర్రెలు విచ్చే ఆ నేలలో గుంటక తోలితే నెర్రెలు పూడి, వాటి గుండా ఆవిరయ్యే తేమ నిజంగానే ఆగుతుంది. కాన్సాస్ ఫలితాన్ని తెచ్చి కర్నూలు రైతును గుంటక మానమనడం కూడా షరతును మరిచిపోవడమే అవుతుంది.

ఇదే కోవలో, గట్టి బంకనేలను డైనమైట్‌తో పేల్చి చెట్లు నాటమని పేలుడు పదార్థాల కంపెనీలు 1910 ప్రాంతంలో అందమైన పుస్తకాలు పంచాయి. కాన్సాస్ ప్రయోగ కేంద్రం పరీక్షించి 1915లో ప్రయోజనం లేదని తేల్చింది. తడి బంకమట్టిలో పేలుడు వల్ల గుంత గోడలు మరింత గట్టిపడతాయి.

అపోహ: మందు లేనందువల్ల పత్తి కాయ ముక్కుపురుగు ముందు ఆనాటి రైతు నిస్సహాయుడయ్యాడు.

వాస్తవం: బోల్ వీవిల్ 1892 ప్రాంతంలో మెక్సికో నుంచి టెక్సాస్‌లోకి ప్రవేశించింది. దానికి పనికివచ్చే మందు, కాల్షియం ఆర్సెనేట్, మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి గాని రాలేదు. ఆలోగా రైతులను నిలబెట్టినది సేద్య పద్ధతే. త్వరగా కాపుకొచ్చే రకాన్ని ముందుగా విత్తడం, రాలిన మొగ్గలను ఏరివేయడం, పత్తి తీయడం కాగానే కట్టెను పీకి నాశనం చేయడం అందులోని అంశాలు. సీమన్ నాప్ 1903లో టెక్సాస్‌లోని టెరెల్ వద్ద ఒక రైతు చేత సొంత పొలంలోనే మెరుగైన సేద్యం చేయించి చూపాడు. నష్టం వస్తే భర్తీ చేయడానికి ఊరి వ్యాపారులు ముందే నిధి పోగుచేశారు. ప్రదర్శన క్షేత్రం అనే మా వృత్తి పనిముట్టు అలా స్థిరపడి, 1914లో విస్తరణ సేవల చట్టానికి దారితీసింది.

పంటకు పంటకు మధ్య పురుగుకు తిండి లేని కాలం ఉండాలన్న ఇదే సూత్రంతో మద్రాసు ప్రెసిడెన్సీ 1919లో చీడపీడల చట్టం తెచ్చి, కంబోడియా రకం పత్తి పండించే జిల్లాలలో నిర్ణీత తేదీలోపు కట్టెను పీకివేయాలని ఆదేశించింది. గుంటూరు, వరంగల్ రైతులకు గులాబీ రంగు పురుగు విషయంలో నేడు మేము చెప్పేదీ ఇదే: డిసెంబరు దాటించి పంటను పొడిగించవద్దు, మోళ్లను పొలంలో ఉంచవద్దు. జనవరిలో మరో తీతకు ధర బాగుంటే ఈ సలహా ఎవరి చెవికీ ఎక్కదు. టెక్సాస్‌లోనూ అంతే జరిగింది.

అపోహ: పాత బులెటిన్లలోని పాళ్లను ఉన్నవి ఉన్నట్లుగా వాడవచ్చు.

వాస్తవం: పాషాణం, స్ట్రిక్నిన్ పాళ్లను వాడే ప్రసక్తే లేదు. తెగుళ్లకు నేటికీ పనికివచ్చే బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన ద్రావణం) విషయంలోనూ కొలతలు చూసుకోవాలి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, మద్రాసు బులెటిన్లలో వాడిన బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. అందువల్ల అమెరికా పుస్తకంలోని 4–4–50, అంటే 4 పౌన్ల మైలుతుత్తం, 4 పౌన్ల సున్నం, 50 గ్యాలన్ల నీరు, ఇంచుమించు మన ఒక శాతం మిశ్రమానికి సమానం. బ్రిటిష్ గ్యాలన్లలో ఒక శాతం రావాలంటే 5–5–50 కావాలి. పాత పాళ్లలోని సున్నం నీరు చల్లని రాతి సున్నం. సంచులలో దొరికే విరిసిన పొడి సున్నమైతే దాదాపు మూడో వంతు ఎక్కువ వేయాలి. కలిపిన ద్రావణంలో శుభ్రమైన ఇనుప కత్తిని ముంచి తీసినప్పుడు దాని మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం. పూత కనిపించనంత వరకు సున్నపు తేటను కొద్దికొద్దిగా చేర్చి, ఆ రోజే పిచికారీ చేయాలి.