తలుపు మీద ‘రేపు రా’

బుజ్జికి, చంటికి,

తాతయ్య దీవించి రాస్తున్నది. మొన్న ఫోన్లో బుజ్జి ఒక ప్రశ్న వేసింది. “ఫ్యూజన్ కరెంటు ఇంకో ముప్ఫై ఏళ్ళలో వచ్చేస్తుందని నీ చిన్నప్పుడూ అన్నారట, ఇప్పుడూ అంటున్నారు. జనం డబ్బు తీసుకుని మోసం చేస్తున్నారా తాతయ్యా?” ఒక్క ముక్కలో చెప్పలేక ఉత్తరం రాస్తానన్నాను. ఇదిగో.

ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం వచ్చి, చదువుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత. ఫ్యూజన్ తలుపు మీదా అలాంటి రాతే ఉంది. తొలిరోజుల్లో రాసినవాళ్ళలో మన హోమీ భాభా గారు కూడా ఉన్నారు. 1955 ఆగస్టులో జెనీవాలో ఐక్యరాజ్యసమితి పెట్టిన అణుశక్తి సభకు ఆయనే అధ్యక్షుడు. ఫ్యూజన్ శక్తిని అదుపులో పెట్టి వాడుకునే దారి ఇరవై ఏళ్ళలో దొరుకుతుందని అక్కడ చెప్పారు. దొరకలేదు. ఆయన మోసగాడు కాదు. పని ఎంత మొండిదో అప్పటికింకా తెలియలేదు.

ఫ్యూజన్ అంటే కలయిక. హైడ్రోజన్ కేంద్రకాలు రెండు కలిస్తే బోలెడు శక్తి పుడుతుంది. కానీ రెండింటిదీ ధనావేశమే కదా, దగ్గరికొస్తే తోసుకుంటాయి. విపరీతమైన వేగంతో గుద్దుకుంటే తప్ప కలవవు. వేగం కావాలంటే వేడి కావాలి. సూర్యుడి నడిబొడ్డున కోటిన్నర డిగ్రీలు చాలు, ఎందుకంటే అక్కడ అంత బరువు నొక్కుతూ ఉంటుంది. మనకు ఆ బరువు లేదు, కాబట్టి 15 కోట్ల డిగ్రీలు కావాలి. ఆ వాయువు గిన్నె గోడకు తగిలితే చల్లబడిపోతుంది. అందుకని అయస్కాంతాలతో గాల్లోనే పట్టి ఉంచాలి. చేత్తో నీళ్ళు పట్టుకున్నట్టే, ఏదో ఒక సందులోంచి జారిపోతుంది.

ఇక డబ్బు సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

1973లో చమురు ధరలు మండిపోగానే అమెరికా ఫ్యూజన్‌కు డబ్బు పెంచింది. 1980లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకంతో చట్టమే వచ్చింది. ఇరవై ఏళ్ళలో 2,000 కోట్ల డాలర్లు పెట్టాలని అందులో ఉంది. ప్రభుత్వం మారింది, చమురు చవకైంది, చట్టం కాగితం మీదే మిగిలింది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో అప్పటికే 37 కోట్ల డాలర్లతో ఒక పెద్ద ఫ్యూజన్ యంత్రం కట్టారు. 1986 ఫిబ్రవరిలో అది పూర్తయ్యే వేళకే మూసేయాలన్న నిర్ణయం అయిపోయింది. ఏ ప్రయోగం కోసం కట్టారో అది ఒక్కసారీ జరగలేదు. నిజం చెప్పాలంటే, ఆ నమూనా అప్పటికే టోకమాక్‌ల (ఉంగరం ఆకారపు ఫ్యూజన్ యంత్రాల) కంటే వెనకబడింది. అయినా ఒక్కసారి నడిపి చూస్తే ఏదో ఒకటి తెలిసేది కదా!

నేను పాఠాలు చెప్పిన ఒక బడిలోనూ ఇలాగే అయింది. ల్యాబ్‌కి గది కట్టారు, సిమెంటు బల్లలు వేశారు. సామాన్లకు డబ్బు వచ్చే ఏడాదన్నారు. ఆ గదిలో విరిగిన బెంచీలు పెట్టుకున్నాం.

అలాగని తప్పంతా డబ్బుదే అనను. ఫ్రాన్సులో కడుతున్న ఈటర్ (ITER) అనే పెద్ద ఫ్యూజన్ యంత్రం సంగతి చూడండి. మన దేశంతో కలిపి ఏడుగురు భాగస్వాములు, 2006లో ఒప్పందం. అప్పుడు 500 కోట్ల యూరోలన్నారు, ఇప్పుడు 2,000 కోట్లు దాటింది. డబ్బు కంటే ఎక్కువగా వస్తువులే ఇవ్వాలని ఏర్పాటు, అందరి ఫ్యాక్టరీలకూ పని దొరకాలని. ఒకరు తలుపు, ఇంకొకరు ద్వారబంధం చేయించి తెస్తే ఏమవుతుందో అదే అయింది. పెద్ద ఉక్కుపాత్ర ముక్కల అంచులు కొలతకు రాలేదు, చల్లబరిచే గొట్టాలు పగుళ్ళిచ్చాయి. 2025లో మొదలవ్వాల్సింది 2034కు పోయింది. అసలు ఇంధనంతో నడిపేది 2039లోనట. అప్పుడైనా అది కరెంటు ఇవ్వదు. 50 మెగావాట్ల వేడి పోస్తే 500 వస్తుందా అని చూస్తారంతే.

పేపర్లో చూసి గంతులేసిన చంటికి ఒక మాట. 2022 డిసెంబరులో లివర్‌మోర్‌లోనే లేజర్లతో 2.05 మెగాజౌళ్ళ శక్తి ఇచ్చి ఫ్యూజన్ నుంచి 3.15 రాబట్టారు. గొప్ప పనే, నేనూ సంబరపడ్డాను. కానీ ఆ లేజర్లను వెలిగించడానికి గోడ ప్లగ్గులోంచి లాగింది 300 మెగాజౌళ్ళ దాకా ఉంది. ఆ అంకె వార్త అడుగున ఎక్కడో ఉంటుంది, వెతికి చదవాలి.

కాబట్టి బుజ్జీ, మోసం కాదు. తెలియని దానికి తేదీ చెప్పి డబ్బు అడిగారు. ఇచ్చేవాళ్ళేమో చమురు ధర చూసుకుని ఇచ్చారు, ఆపారు. ఈ ఇద్దరిలో నాకు రెండోవాళ్ళ మీదే కోపం ఎక్కువ.

కవర్లో ఒక పేపర్ కటింగ్ పెడుతున్నాను. ఈటర్ యంత్రాన్ని మొత్తంగా కప్పే క్రయోస్టాట్, 3,850 టన్నుల ఉక్కు. మన వాటా కింద గుజరాత్‌లోని హజీరాలో ముక్కలుగా చేసి ఓడలెక్కించారు. బొమ్మలో కుడివైపు కింద హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. నాకు భూతద్దం పెడితే గానీ కనపడలేదు. మీరు ఉత్త కళ్ళతో వెతకండి.

మీ తాతయ్య