చపాతీ పీటకు సిరా పూస్తే: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

చాట, గోనెసంచి, స్టీలు మూత... ఇంట్లో వాడే వస్తువులకు సిరా పూసి కాగితం మీద అచ్చులు తీయడం నా పని. ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ నోట పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పాతకాలం వస్తువుల్లోనే సంస్కృతి ఉంటుంది.

అందుకే చాలామంది ఇత్తడి పళ్ళెం పట్టుకొస్తారు, మెరుగు పెట్టించి మరీ! ఆ మెరుగుతోనే వాడకం గుర్తులన్నీ పోతాయి. అచ్చులో నున్నటి నల్ల మచ్చ మిగులుతుంది.

మా అమ్మ చపాతీ పీట వయసు పదిహేనేళ్ళే. రోలర్‌తో పూసిన సిరా ఎత్తుగా ఉన్నచోటే అంటుతుంది. రోజూ కర్ర తిరిగి పీట నడుమ గుంట పడింది కాబట్టి అచ్చులో అంచులు నల్లగా, మధ్యన తెల్లగా వచ్చింది. ఎన్నాళ్ళ అరుగుదలో అది! నాన్నకు షుగర్ వచ్చాక మా ఇంట్లో రాత్రిపూట అన్నం మానేశారు. పీట అప్పుడే కొన్నది. ఒక పక్కన సన్నటి తెల్ల గీతలు కూడా ఉన్నాయి, కత్తి గాట్లు. గ్యాసు గట్టు ముందు నిలబడి వంట చేయడం అలవాటయ్యాక, కింద కూర్చుని తరిగే కత్తిపీట మూలన పడింది. కూరలూ దీని మీదే తరిగేది. అమ్మ అచ్చు చూసి, "ఇంత అరగదీశానా!" అంది.

అపోహ: అచ్చు అంటే వస్తువుకు నకలు.

'అచ్చు గుద్దినట్టు' అంటాం కదా, ఆ మాటే మనల్ని మోసం చేస్తుంది. అచ్చులో కుడి ఎడమవుతుంది. గాట్లు చూసి ఒకాయన, "మీ అమ్మగారిది ఎడమచేతి వాటమా?" అని అడిగారు. కాదు. పేరు చెక్కించిన స్టీలు మూతకు సిరా పూసినా అక్షరాలు తిరగబడతాయి. పేరు సరిగ్గా చదవాలంటే, చిన్నప్పుడు కాగితం కింద రూపాయి బిళ్ళ పెట్టి పెన్సిల్‌తో రుద్దినట్టు రుద్దాలి. శాసనాల అచ్చులు తీసే పద్ధతీ ఇంచుమించు ఇదే: తడి కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, పైనుంచి సిరా అద్దుతారు.

అపోహ: ప్రతి వస్తువూ ఏదో ఒకదానికి ప్రతీక.

కుండ అంటే గర్భం, దీపం అంటే జ్ఞానం. ఈ జాబితా పట్టుకుని చూస్తే ఎదురుగా ఉన్న కుండ కనపడదు. 1930లో చిత్రకారుడు నందలాల్ బోస్ చెక్కిన లినోకట్‌లో (లినోలియం పలక మీద చెక్కి తీసే అచ్చు) గాంధీ చేతికర్ర పట్టుకుని నడుస్తుంటాడు. ఉప్పు సత్యాగ్రహం తెలియనివాళ్ళకు అది ఒక ముసలాయన ఊతకర్రే. నేనైతే ప్రతీకల జోలికి పోను. ఎవరు వాడారు, ఏ చేత్తో, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు? ఇవే అడుగుతాను.

అపోహ: కాగితాన్ని అదిమి అచ్చు తీసే ప్రెస్ మెషీన్ లేకుండా కుదరదు.

1953లో అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ ఇరవై కాగితాలు వరుసగా అతికించి, టైరుకు రంగు పూసి, స్నేహితుడు, సంగీతకారుడు జాన్ కేజ్ చేత వాటి మీదుగా కారు నడిపించాడు. మనకు గరిటె వెనకభాగం చాలు, కాగితం మీద గట్టిగా రుద్దడానికి.

ఒక్క జాగ్రత్త. సిరా పూసిన పీట మళ్ళీ వంటకు పనికిరాదు. అమ్మకు కొత్తది కొనిచ్చాను. దాని మీద పిండి జారిపోతోందని ఇప్పటికీ సణుగుతూనే ఉంది.